శరణాగత కపోతము

శరణు జొచ్చినవానిని రక్షించుట ధర్మము. ఈ మాటను అంగీకరింపనివారు లేరు. అయితే శరణాగతుని తరుముకొని వచ్చినవానియెడ ధర్మమేమి? ఈ ప్రశ్న నడుగువారు అరుదు. శిబి చక్రవర్తి కథకు గల విశిష్టత యంతయు ఈ రెండవ ప్రశ్నయందే యున్నది.

కథ తెలుగువారికి చిరపరిచితము. డేగచేత తరుమబడిన పావురము రాజు ఒడిలో వ్రాలినది. రాజు అభయ మిచ్చినాడు. వెంటనే డేగ వచ్చి నిలిచి న్యాయము నడిగినది. తాను ఆకలిగొన్నదనియు, పావురము తనకు విధి నిర్ణయించిన ఆహారమనియు, తాను మరణించినచో తన్ను నమ్ముకొన్న ఆలుబిడ్డలును మరణింతురనియు, ఒక ప్రాణిని కాపాడుటకై పెక్కు ప్రాణులను చంపుట ధర్మము కాదనియు అది వాదించినది. వేరొక ధర్మమునకు అడ్డు వచ్చు ధర్మము ధర్మమే కాదన్నది. భారతకథలో ఈ వాదమును చెప్పినది పండితుడు కాడు, ఋషి కాడు; ఒక పక్షి. రాజు ఆ వాదమును తోసివేయలేదు. విల్లు నందుకొనలేదు. భటులను పిలువలేదు. పావురమునకు బదులుగా తన తొడకండను కోసి త్రాసునం దుంచినాడు. అది చాలనప్పుడు తానే త్రాసు నెక్కినాడు.

పావురమును ఒడిలో దాచుకొని డేగను కొట్టించి యున్నచో శిబి మంచి రాజుగా మాత్రమే నిలిచియుండును. పావురమునకు ప్రాణమును, డేగకు ఆహారమును ఇచ్చి, ఆ రెంటి వెలను తానే చెల్లించుటచేత అతడు ధర్మమూర్తి యైనాడు. పల్నాడు జిల్లాలోని చేజెర్లయందు కపోతేశ్వరుడను పేర శివుడు వెలసియున్నాడు. శిబి తన దేహమును కోసి యిచ్చిన తావు అదియే యని స్థలపురాణము. గజపృష్ఠాకారము గల ఆ యాలయము మొదట బౌద్ధ చైత్యమై యుండెనని చరిత్రజ్ఞులు చెప్పుదురు. అజంతా మొదటి గుహలోని గోడపైనను ఈ రాజు, ఈ పావురము చిత్రింపబడియున్నవి. మతములు వేరైనను ఒక త్యాగమునకు అందరును తలయొగ్గిరి.

ఈ కథ పురాణకాలముతో ముగిసిపోలేదు. ఢిల్లీ నగరమున మేడలమీద నేటికిని అది ప్రతిదినము జరుగుచునే యున్నది.

పాత ఢిల్లీలో సాయంసమయమున మేడ యెక్కి చూచినవారికి ఆకాశము పావురములతో నిండి కనబడును. ఒక్కొక్క మేడపై ఒక్కొక్క గూడు; గూటియొద్ద యజమాని నిలిచి కేకవేయగా గుంపు లేచును, ఈల వేయగా దిగివచ్చును. ఈ వినోదము నిన్న మొన్న పుట్టినది కాదు. అక్బరు పాదుషా కొలువులో ఇరువది వేలకు మించి పావురము లుండెననియు, ఈ క్రీడను పాదుషా 'ఇష్క్‌బాజీ', అనగా ప్రేమక్రీడ, అని పిలిచెడివాడనియు అబుల్ ఫజల్ తన ఐనీ అక్బరీలో వ్రాసియుంచినాడు. షాజహాను కట్టించిన నగరములో ఆ ప్రేమ తండ్రినుండి కొడుకునకు వారసత్వముగా వచ్చుచున్నది. చిన్న సంపాదన గల గృహస్థుడుకూడ తన భోజనములో కొంత తగ్గించుకొని పావురములకు గింజలు కొనును.

అట్టి గృహస్థుని మేడపై ఒకనాటి ఉదయమున ఒక నీడ పడును. గుంపు ఒక్కుమ్మడిగా చెదరును. రెప్పపాటులో ఆకాశమునుండి ఏదియో రాయివలె క్రిందికి జారును. గాలిలో కొన్ని ఈకలు మాత్రము మిగులును. తన చేతిమీద గింజలు తిన్న పక్షి, తాను పేరుపెట్టి పిలుచుకొన్న పక్షి, కనులయెదుట పోయినప్పుడు ఆ మనుష్యుని హృదయములో దుఃఖమును కోపమును కలిసి పుట్టును. దుఃఖము సహజము. కోపము వెంటనే ఉపాయములను వెదకును: విషము, ఉచ్చు, తుపాకి. ధర్మపరీక్ష ఆ క్షణమున ఆరంభమగును.

ఇచ్చట మొదట కావలసినది వివేకము. ఢిల్లీ ఆకాశమున తిరుగు వేటపక్షులన్నియు ఒకటి కావు. అన్నిటికంటె ఎక్కువగా కనబడునది గ్రద్ద; ఆ నగరవాసులు దానిని 'చీల్' అందురు. ప్రపంచమున మరి యే నగరమునందును కనరానంత దట్టముగా గ్రద్దలు ఢిల్లీలో కాపురముండునని పరిశోధకులు గుర్తించినారు. శీతకాలమున మధ్య ఆసియానుండి హిమాలయములను దాటి మరికొన్ని వచ్చి చేరును. అయితే ఈ గ్రద్ద ప్రధానముగా పారవేసిన మాంసమును, చచ్చిన ఎలుకలను, చెత్తకుప్పలలోని మిగుళ్ళను ఏరుకొని బ్రతుకునది. ఆరోగ్యముగా ఎగురు పావురమును పట్టుట దానికి సాధారణముగా సాధ్యము కాదు. గూటినుండి జారిన పిల్లయో, జబ్బుపడిన పక్షియో దొరికినచో ఎత్తుకొని పోవును. పావురమునకు నిజమైన భయము బైరి డేగవలన. అది ఎత్తునుండి దూకునప్పుడు గంటకు మూడువందల కిలోమీటర్లకు మించిన వేగము నందుకొనును. షిక్రా యను చిన్న డేగ చెట్లచాటున పొంచియుండి అకస్మాత్తుగా మీదపడును. పిల్లలను, బలహీనములను అది పట్టును. కాబట్టి ఆకాశమున మెల్లగా చక్రములు తిరుగు ప్రతి రెక్కను శత్రువుగా తలచి రాయి విసరువాడు, ఒకడు చేసిన దానికి వేరొకని శిక్షించువాడగుచున్నాడు. మనుష్యుల మధ్య జరుగు అన్యాయములలో సగము ఈ విధముగానే జరుగును.

వివేకము కుదిరిన పిమ్మట రక్షణోపాయము. శ్రీరామకృష్ణులు చెప్పిన పాముకథ ఇచ్చట స్మరింపదగినది. బ్రహ్మచారి ఉపదేశముచేత పాము హింస మానినది. గొల్లపిల్లలు దానిని కొట్టి కొట్టి చావునకు దగ్గర చేసిరి. కాటు వేయవద్దన్న గురువు బుసకొట్టవద్దని చెప్పలేదు గదా యని ఆ కథలోని బోధ. పావురములను పెంచువానికి ఇంతకు మించిన శాస్త్రము అక్కరలేదు. డేగను చూచినప్పుడు అతడు కేకలు వేయవచ్చును, గుడ్డ విసరవచ్చును, పళ్ళెము మ్రోగింపవచ్చును. ఇది బుస. విషమును పెట్టుట, రెక్క విరుగగొట్టుట కాటు. బుస గృహస్థునకు కర్తవ్యము, కాటు పాపము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము డేగలను, గ్రద్దలను చంపుట నేరముకూడ. అయితే చట్టమునకు భయపడి మానిన హింసకును, దయచేత మానిన హింసకును భేదము గలదు. మొదటిది చేతిని మాత్రము కట్టును; రెండవది మనస్సును కడుగును.

బుసకంటె మేలైనది కంచె. లేతమొక్కకు చుట్టును కంచె కావలెననియు, లేకున్నచో మేకలు మేసిపోవుననియు, అదియే వృక్షమైన పిమ్మట ఏనుగును కట్టినను చలింపదనియు శ్రీరామకృష్ణులు సాధకులకు చెప్పుచుండెడివారు. పావురములగూటికి నలువైపులను, పైభాగమునను సన్నని కన్నుల ఇనుపవల బిగించి యుండవలెను. చీకటి పడకమున్నే తలుపు మూయవలెను. ఏలయన రాత్రివేళ పిల్లియు గుడ్లగూబయు వచ్చును. గింజలను మేడపై వెదజల్లక గూటిలోపలనే పెట్టవలెను. పిల్లలను, జబ్బుపడినవానిని, రెక్కల ఈకలు రాలి క్రొత్తవి మొలచుచున్న వానిని బయటికి విడువరాదు. ఒకమారు ఆహారము దొరకిన చోటికి డేగ మరల వచ్చును. కావున అట్టి ఘటన జరిగిన పిమ్మట కొన్నిదినములు పావురములను గూటిలోనే యుంచుట మంచిది. రిక్తహస్తముతో రెండు మూడు మారులు మరలిన డేగ వేరొక చోటు వెదకుకొనును. పావురములు ఎగురుచున్నంతసేపు యజమాని మేడమీదనే నిలిచి ఆకాశమును చూచుచుండవలెను.

ఈ నియమములలో కష్టము గలదు. వలకు డబ్బు కావలెను. కాపలాకు ఓపిక కావలెను. ఇష్టము వచ్చినప్పుడు పావురములను విడుచు వినోదమును కొంత విడువవలెను. అయితే ఆ కష్టమే శిబి తొడనుండి కోసి యిచ్చిన కండ. రక్షణకు ఎల్లప్పుడును వెల యుండును. ఆ వెలను రక్షించువాడు తనయొద్దనుండి చెల్లించెనా, లేక డేగ ప్రాణముతో చెల్లించెనా యన్నదే ప్రశ్న.

రెండవ మార్గమును లోకము పరీక్షించి చూచినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటన్ దేశపు విమానములలో వార్తాహర కపోతములను తీసికొనిపోవుచుండెడివారు. విమానము కూలినప్పుడు పావురము వార్తను మోసికొని తీరము చేరెడిది. ఆ పావురములను బైరి డేగలు పట్టుచున్నవని 1940లో ఆ ప్రభుత్వము డేగలను చంప ననుమతించినది. వందలకొలది డేగలు కూలినవి. యుద్ధము ముగిసినది, ఆజ్ఞయు పోయినది. కాని అటుపిమ్మట పొలములలో చల్లిన డి.డి.టి. వంటి విషములు డేగల దేహములలో చేరి గ్రుడ్ల పెంకులను పలుచజేసి ఆ జాతిని మరింత క్షీణింపజేసినవి. నాడు చంపుటకు ఆజ్ఞ యిచ్చిన దేశమే తరువాత చట్టములు చేసి ఆ పక్షిని కాపాడుకొనవలసి వచ్చినది.

భారతదేశమునకును ఇట్టి పాఠము కలదు. రాబందులను ఎవ్వరును పగబట్టి చంపలేదు. పశువులకు నొప్పి తగ్గించుటకై వాడిన డైక్లోఫినాక్ అను మందు మృతపశువుల మాంసముద్వారా వానిని చేరి, 1990 తరువాతి సంవత్సరములలో ఆ జాతిని దాదాపు తుడిచిపెట్టినది. 2006లో పశువులకు ఆ మందును నిషేధించిరి. ఢిల్లీ ఆకాశమున ఒకప్పుడు గుంపులుగా తిరిగిన రాబందులు నేడు కనరావు. వానితోపాటు వాని పనియు నిలిచిపోయినది. కళేబరములు కుళ్ళినవి, ఊరకుక్కలు పెరిగినవి. అసహ్యమైనదని జను లెంచిన పక్షి ఎంత సేవ చేసినదో అది పోయిన పిమ్మట తెలిసినది. సృష్టిలో ఈశ్వరుడు ఒక ప్రాణికి ఇచ్చిన పనిని వేరొకరు చేయలేరు.

డేగను ద్వేషించుట ఎంత తప్పో, వివేకము లేక పావురమును ప్రేమించుటయు అంతటి పొరపాటే. ఢిల్లీ కూడలులలో పుణ్యమునకై బస్తాలకొలది గింజలు పోయుట వాడుక. ఆ గింజలకు వేలకొలది పావురములు మూగును. పక్షులు మూగినచోట రోగములు ప్రబలును, ఎండిన రెట్టల ధూళి మనుష్యుల ఊపిరితిత్తులకును చెరుపు చేయును. ఎర సమృద్ధిగా నున్నచోటికి వేటపక్షులు చేరుట సహజము. భక్తుడు తన పుణ్యమును లెక్కించుకొనునే గాని, తన దానముయొక్క ఫలము ఎవరిమీద పడినదో వెనుదిరిగి చూడడు. దయకు కన్ను లుండవలెను.

ఎర్రకోట యెదుట, చాందినీ చౌకు మొదట, దిగంబర జైనుల లాల్ మందిరము గలదు. ఆ యావరణములో పక్షులకొక ధర్మవైద్యశాల యున్నది. 1929లో ఆరంభమైన ఆ సేవ 1957 నుండి అచ్చటనే జరుగుచున్నది. పంకాలకు తగిలి, గాలిపటముల దారమునకు చిక్కి, పిల్లుల వాతబడి గాయపడిన పక్షులను జనులు చేతులలో పెట్టుకొని తెత్తురు. వానిలో అధికభాగము పావురములే. కట్టుకట్టి, మందు పెట్టి, గింజలిచ్చి, స్వస్థత చేకూరిన పిమ్మట వానిని మేడపైనుండి ఆకాశమునకు విడుతురు. మాంసాహారములైన వేటపక్షులు వచ్చినచో వానికిని చికిత్స చేయుదురు; కాని లోపల ఉంచుకొనరు. వారి వ్రతము మాంసమును ముట్టనీయదు. బెదరిన పావురముల నడుమ డేగ నుంచుటయు తగదు. అహింసావ్రతమునందు నిష్ఠ గలవారు తమ హద్దును తాము నిజాయితీగా గుర్తించినారు. అది దోషము కాదు. ఒక్క చేయి అన్ని పనులను చేయలేదు.

మిగిలిన పనిని చేయుటకు ఈశ్వరుడు వేరొక చేతిని చాచినాడు. ఢిల్లీకి ఉత్తరముననున్న వజీరాబాదులో నదీమ్ షహజాద్, మొహమ్మద్ సవూద్ అను అన్నదమ్ములు గాయపడిన గ్రద్దలను తమయింటికి చేర్చుకొని సేవించుట కారంభించిరి. యౌవనారంభమున వారికి గాయపడిన గ్రద్ద యొకటి కనబడగా, మాంసాహారపక్షిని చేర్చుకొను తావు దొరకలేదు. ఆ లోటే వారిని ఈ పనికి పురికొల్పినది. గాజుపొడి పూసిన మాంజాదారము రెక్కను ఎముకవరకు కోయును. ఆగష్టు 15 సమీపించునప్పుడు ఢిల్లీ ఆకాశము గాలిపటములతో నిండగా, తెగిపడు రెక్కల సంఖ్యయు పెరుగును. ప్రాణాంతకమైన నైలాను మాంజాను 2017లో నిషేధించినను అది పూర్తిగా పోలేదు. అట్టి గ్రద్దలను వేలకొలదిగా ఆ సోదరులు బాగుచేసి విడిచినారు. వారి కథను షౌనక్ సేన్ 2022లో చలనచిత్రముగా తీయగా అది దేశదేశముల ప్రశంస నందినది. పాత ఢిల్లీ ముస్లిములలో గ్రద్దలకు మాంసపుముక్కలను విసరి దానము చేయు ఆచారము కూడ కలదు. పావురమునకు జైనుడు గింజ పెట్టుచున్నాడు. గ్రద్దకు ముస్లిము ఆహారము పెట్టుచున్నాడు. ఇరువురును ఒకరి నొకరు ఎరుగకుండగనే, శిబి ఒక్కడు చేసిన పనిని చెరిసగము పంచుకొని చేయుచున్నారు.

జయరామవాటిలో శ్రీ శారదాదేవియొద్ద పిల్లు లుండెడివి. అవి దొంగతనము చేయుచుండగా బ్రహ్మచారి యొకడు వానిని కొట్టెడివాడు. దొంగిలుట వాని స్వభావమనియు, వానిని కొట్టరాదనియు, వానికిని అన్నము పెట్టవలెననియు, వానియందును తానే యున్నాననియు మాత చెప్పెను. పాలకుండపై మూత పెట్టవద్దని ఆ మాటకు అర్థము కాదు. మూత పెట్టవలెను; కర్ర నెత్తరాదు. స్వభావమును అపరాధముగా ఎంచరాదు. డేగ మాంసము తినుట దాని అపరాధము కాదు. గింజ తినుట పావురముయొక్క పుణ్యమును కాదు. ఎంచుకొను శక్తి గలవాడు మనుష్యు డొక్కడే. కాబట్టి పాపపుణ్యములును అతనివే.

ఏకాదశస్కంధములో అవధూత తన గురువులను పేర్కొనుచు పావురమును చెప్పినాడు, వేటపక్షియైన కురరమునుకూడ చెప్పినాడు. వలలో చిక్కిన పిల్లలను చూచి తల్లిపావురము వలలో పడినది. ఆ యిరువురను చూచి తండ్రిపావురమును పడినది. మమకారము కన్నును కప్పినప్పుడు కనులయెదుటి వలకూడ కనబడదని ఆ గురువు నేర్పినది. కురరము నోట మాంసముండగా బలముగల పక్షులు దానిని తరిమినవి. మాంసమును జారవిడిచిన క్షణమున దానికి శాంతి లభించినది. శ్రీరామకృష్ణులు చేపను పట్టిన గ్రద్దను, దానిని వెంటాడిన కాకులను చెప్పి ఈ పాఠమునే బోధించిరి. పట్టుకొన్నంతవరకు పరుగు, విడిచినంతనే విశ్రాంతి.

మేడమీది గృహస్థునకు ఈ ఇరువురు గురువులును ఎదురుగనే యున్నారు. 'నా పావురము' అన్న మాటలో రెండు భాగములు గలవు. పావురముమీది ప్రేమ శుద్ధమైనది. 'నా' అన్నదే వల. పరుల పావురములను తన గుంపులోనికి ఆకర్షించి పట్టుకొనుట, పందెములు కట్టుట, ఎగిరిపోకుండ రెక్కలు కత్తిరించుట, ఇవి ఆ 'నా' అన్నదానినుండి పుట్టినవే. డేగనుండి పావురమును కాపాడువాడు తననుండియు దానిని కాపాడవలెను. పోయిన పక్షికై ఏడ్చి, మరునాడు పగతో ఆకాశమును చూచువాని హృదయములోనే డేగ గూడు కట్టుకొన్నది. ఆ డేగను ఏ ఇనుపవలయు ఆపజాలదు. జపము, సత్సంగము, నిస్స్వార్థమైన సేవ, ఇవియే అచ్చట కంచె. గుంపుతో కలిసి ఎగురు పావురమును డేగ పట్టుట కష్టము. విడివడి ఒంటరియైన దానిని సులభముగా పట్టును. సాధకుడు సత్సంగమును ఏల విడువరాదో ఈ యొక్క దృశ్యము చెప్పును.

శిబికథ తుదిఘట్టమును స్మరించి విరమించుట ఉచితము. రాజు త్రాసు నెక్కిన పిమ్మట పక్షులు రెండును నిజరూపములను ధరించినవి. పావురము అగ్నిదేవుడు. డేగ దేవేంద్రుడు. శరణు కోరి వచ్చినవాడు మాత్రమే దేవుడనియు, తరుముకొని వచ్చినవాడు రాక్షసుడనియు వ్యాసమహర్షి చెప్పలేదు. ఇద్దరును దేవులే. జీవుని శివునిగా సేవింపుమన్న బోధకు ఇంతకంటె ప్రాచీనమైన దృష్టాంతము కావలసియుండదు. గూటిలో గువగువలాడు ప్రాణియందును, మేడపై మౌనముగా చక్రములు తిరుగు ఆకలియందును ఒక్క చైతన్యమే వెలుగుచున్నది.

సంధ్యవేళ పావురములను లోపలికి పిలిచి, లెక్కచూచి, తలుపు గడియ వేసిన గృహస్థుడు ఒక్క నిమిషము ఆకాశమువంక చూచుగాక. అచ్చట రెక్కచాచి ఇంటికి మరలుచున్న డేగకును ఎక్కడనో ఒక గూడున్నది, అందులో పిల్లలున్నవి. తన గూటికి గడియ వేసిన చేతితోనే దానికిని క్షేమము కోరుచు నమస్కరించినవాడు శిబి త్రాసునందు తన వంతు తూకము నుంచినవాడగును.